ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం పోలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి. మా అబ్బాయికి 19 ఏళ్లు, బీటెక్ చదువుతున్నాడు. పోయిన ఆదివారం పొద్దున్నే స్నేహితులతో కలిసి గేరు సైకిల్ మీద కల్యాణి డ్యామ్ వైపు పోయాడు. మట్టి దారిలో పల్లం దిగుతూ కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడంట. సైకిల్ అక్కడే ఆగిపోయి, వీడు హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకు పడ్డాడు. తిరుపతిలో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయాం. మోకాలి గాయం కడిగి టీటీ వేశారు. కుడి మణికట్టు ఎక్స్‌రే తీసి, విరగలేదు, బెణుకే అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపేశారు. నాలుగు రోజులైనా పెన్ను పట్టుకోలేకపోతున్నాడు. పుత్తూరుకు పోయి కట్టు కట్టిద్దాం అని మా అత్తమ్మ అంటున్నారు. తీసుకుపోవచ్చా? ఇంకో మాట. నిన్న స్నానం చేసి వచ్చినప్పుడు చూశాను, బొడ్డుకు పైన రూపాయి బిళ్లంత చోట నల్లగా కమిలి ఉంది. హ్యాండిల్ తగిలిందంట. ఆస్పత్రిలో చెప్పలేదంట.
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ చివరి మాటే. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి, ఆ రోజే ఆఫీసులో మీ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. తర్వాత ఏం జరిగిందో కూడా రాయమని మీరే అన్నారు. అందుకే అందరి కోసం మొత్తం రాస్తున్నాను.

సైకిల్ హ్యాండిల్ చివర ఉండేది చిన్న గొట్టం. మనిషి ముందుకు పడితే ఒంటి బరువంతా ఆ కొస మీదే పడుతుంది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ కనిపించదు. లోపల మాత్రం వెన్నెముకకు, గొట్టానికి మధ్య క్లోమం, చిన్నపేగు మొదటి భాగం నలిగే ప్రమాదం ఉంది. ఎడమ వైపు పక్కటెముకల కింద తగిలితే అక్కడుండే ప్లీహం (స్ప్లీన్) చీలి రక్తం కారవచ్చు. మొదటి రోజు మామూలుగా తిరిగిన మనిషికే రెండో రోజో మూడో రోజో కడుపునొప్పి, వాంతులు, జ్వరం మొదలవుతాయి. భుజానికి దెబ్బ తగలకపోయినా ఎడమ భుజం పీకుతోందంటే కడుపులో రక్తం కారుతోందేమో అని మేం భయపడతాం. ఇలాంటివి కనిపిస్తే ఇంటి దగ్గర మాత్రలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేసి, రుయా, స్విమ్స్ లాంటి సర్జన్, స్కానింగ్ రెండూ ఉన్న చోటికి చేరాలి. పిల్లలు రక్తం కారే చోటునే చూపిస్తారు. చొక్కా ఎత్తి చూడాల్సిన బాధ్యత మా డాక్టర్లది. మీవాడికి స్కానింగ్‌లో ఏమీ లేదని మీరు ఫోన్ చేసేదాకా ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇక మణికట్టు. బొటనవేలిని గట్టిగా పైకి చాపితే దాని మొదట్లో రెండు తాళ్లు తేలి, మధ్యలో గుంట పడుతుంది. మీ అత్తమ్మగారికి తెలిసే ఉంటుంది, పాతకాలం వాళ్లు ముక్కుపొడి వేసుకుని పీల్చేది అక్కడే. ఆ గుంటలో నొక్కమని ఫోన్‌లో చెప్పగానే మీవాడు అరిచిన అరుపు నాకు వినిపించింది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఆ గుంట కింద ఉన్నది స్కాఫాయిడ్, పెద్ద జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. చేయి ఆనించి పడినప్పుడు ఈ ఎనిమిదింటిలో దెబ్బతినేది ఎక్కువగా అదే. అందులో సన్నటి చీలిక ఉన్నా మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. పది, పద్నాలుగు రోజులకు విరిగిన అంచు కాస్త కరిగి గీత బయటపడుతుంది. ఎంఆర్ఐ అయితే ముందే పట్టేస్తుంది. అందుకే ఎక్స్‌రే బాగున్నా ఆ గుంటలో నొప్పి ఉంటే, విరిగిందనే అనుకుని బొటనవేలిని కలిపి కట్టు వేసి, మళ్లీ రమ్మనాలి. మీకు ఆ రెండో మాట ఎవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఈ ఎముకకు రక్తం వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం సరిగా అందక, అతుక్కోకుండా ఎండిపోవచ్చు. బంగారుపాళ్యం మామిడి మండీలో బుట్టలు మోసే కుర్రాడొకడు, పడిన ఎనిమిది నెలలకు నా దగ్గరికి వచ్చాడు. బెణుకే అనుకుని నూనె రాసుకుంటూ పని చేసుకున్నాడు. అప్పటికి ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆ చేత్తో ఇప్పటికీ నిండు బుట్ట ఎత్తలేడు.

పుత్తూరు కట్టును నేను తక్కువ చేయను. మా నాన్న ముంజేయి విరిగితే అక్కడే ఆకు పసరుతో కట్టు కట్టించాం, బాగానే అతుక్కుంది. కానీ మీవాడిది వేరు. ఇక్కడ లాగి సరిచేయాల్సింది ఏమీ లేదు, మర్దన అసలు పనికిరాదు, కదలకుండా వారాల తరబడి ఉంచడమే వైద్యం. అత్తమ్మగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. ఎవరు ఏ కట్టు వేసినా వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, చల్లబడినా వెంటనే విప్పించాలి.

పన్నెండో రోజు ఎక్స్‌రేలో గీత కనిపించింది. ముక్కలు పక్కకు జరగలేదు, అది అదృష్టం. సిమెంట్ కట్టు వేశారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. స్నానానికి ప్లాస్టిక్ కవరు కట్టుకోమనండి. సిగరెట్ అలవాటుంటే మానేయాలి, అది ఎముకను అతకనివ్వదు. పరీక్షలకు రాసిపెట్టే మనిషి కోసం డాక్టరు సర్టిఫికెట్‌తో ఇప్పుడే కాలేజీలో అడగండి.

హెల్మెట్ బాగానే ఉంది, దాచిపెట్టానని ఫోన్‌లో అన్నారు. పారేయండి అమ్మా. లోపలి థర్మోకోల్ లాంటి పదార్థం ఒకసారే నలిగి తలను కాపాడుతుంది, రెండోసారి పనిచేయదు.

కట్టు తీసిన రోజు మళ్లీ ఎక్స్‌రే తీయించి, ఆ గుంటలో డాక్టరు చేత నొక్కించి చూడండి. నొప్పి మిగిలి ఉంటే నాకు ఉత్తరం కాదు, ఫోన్ చేయండి.