సింథటిక్ స్టకో ఇల్లు 45 వేలు తక్కువకే వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. ఇద్దరం హెచ్‌-1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నాం. 1994లో కట్టిన ఇల్లు ఒకటి నచ్చింది. ధర 6.2 లక్షల డాలర్లు. ఆ వీధిలోనే ఇటుక గోడల ఇళ్ళు 6.65 లక్షలకు పోతున్నాయి. బయటి గోడలకు సింథటిక్ స్టకో ఉంది కాబట్టే తగ్గిందని, కరెంటు బిల్లు కూడా కలిసొస్తుందని ఏజెంటు అంటున్నారు. మా దగ్గర 1.5 లక్షలున్నాయి. 20 శాతం డౌన్ పేమెంట్ కట్టి, చాలనిది 401కె (కంపెనీ ద్వారా వచ్చే రిటైర్మెంట్ పొదుపు) నుంచి 30 వేలు అప్పు తీసుకుందామనుకుంటున్నాం. సరేనా?

జవాబు: ఈ లెక్కతో అయితే కొనొద్దండి. ఇల్లు చెడ్డదని నేననడం లేదు. గోడ వెనక ఏముందో తెలియకుండానే చేతిలో ఉన్నదంతా పెట్టేస్తున్నారని నా భయం.

చెక్క గోడ మీద థర్మాకోల్ పలకలు అంటించి, వాటిపై ఫైబర్‌గ్లాస్ జాలీతో పల్చటి పూత, ఆ పైన అక్రిలిక్ పూత వేస్తే అది సింథటిక్ స్టకో. వేడిని ఆపడంలో నిజంగా మంచిది, ఇటుక దీని దరిదాపులకు రాదు. యుద్ధం తర్వాత జర్మనీలో ఎక్కువగా ఇటుక, కాంక్రీటు గోడల మీద వాడిన పద్ధతి ఇది. 1969లో అమెరికా వచ్చాక చెక్క ఇళ్ళకూ వేశారు. చిక్కు అక్కడే వచ్చింది. కిటికీ అంచుల్లోంచి, రూఫు గోడను కలిసే చోటు నుంచి దూరిన వాన నీరు బయటికి పోయే దారి లేక చెక్కను కుళ్ళబెట్టింది. 1995 ప్రాంతంలో మీ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లోనే ఇలాంటి ఇళ్ళు వరసగా బయటపడ్డాయి. లోపలికి వెళ్ళిన నీరు కిందికి జారిపోయే రకం ఆ తర్వాతే తప్పనిసరి అయింది. మీ ఇల్లు 1994ది, కాబట్టి పాత రకమే అనుకుని లెక్క వేసుకోండి. పైకి గోడ కొత్తగా మెరుస్తున్నా లోపల చెక్క మెత్తబడి ఉండొచ్చు.

అందుకే ఆ 45 వేలను డిస్కౌంటుగా చూడకండి. మొత్తం ఊడదీసి, కుళ్ళిన చెక్క మార్చి, వేరే సైడింగ్ (బయటి గోడ కప్పు) వేయిస్తే ఖర్చు అంతకు మించిపోవచ్చు. కరెంటు బిల్లులో ఏళ్ళ తరబడి మిగిలింది ఒక్క గోడ రిపేరుకే పోవచ్చు. మెల్లగా నీరు చేరి కుళ్ళినదానికి మామూలు హోమ్ ఇన్సూరెన్స్ డబ్బివ్వదు. ఇలాంటి గోడలుంటే పాలసీకే వెనకాడే కంపెనీలూ ఉన్నాయి, ముందే కొటేషన్ తీసుకోండి. బిల్డర్ మీద దావా వేద్దామన్నా మీ రాష్ట్రంలో ఆ గడువు ఆరేళ్ళు, అది ఎప్పుడో దాటిపోయింది.

మీరు ముందు కొనాల్సింది సమాచారం. మీ రాష్ట్రంలో డ్యూ డిలిజెన్స్ ఫీజు, అంటే ఇల్లు పరీక్షించుకోడానికి గడువు ఇచ్చినందుకు కట్టేది, నేరుగా అమ్మేవాళ్ళకు వెళ్తుంది, మీరు వెనక్కి తగ్గితే తిరిగి రాదు. కాబట్టి ఆ ఫీజు తక్కువగా, గడువు ఎక్కువగా ఉండేలా బేరమాడండి. ఆ గడువులోనే, మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్‌తో పాటు స్టకో పరీక్షలు చేసే మనిషిని వేరుగా పిలిపించండి. గోడకు సన్నటి రంధ్రాలు చేసి మీటరుతో చెక్కలో తేమ చూస్తారు. 20 శాతం దాటిన చోట్లు ఎక్కువగా కనిపిస్తే ధర మళ్ళీ మాట్లాడాలి, లేదా వదిలేయాలి. రంధ్రాలు వద్దని అమ్మేవాళ్ళు పట్టుబడితే అక్కడితో ఆపేయండి. నేనైతే ఇంకో మాట వినను.

పరీక్షలో గోడలు పొడిగా తేలితే కొనొచ్చు. అప్పుడు కూడా 20 శాతం కట్టకండి. 1.24 లక్షలు పోగా మిగిలే 26 వేలలో క్లోజింగ్ ఖర్చులే (అప్పు, రిజిస్ట్రేషన్ లాంటి వాటికయ్యేవి) చాలా భాగం తినేస్తాయి. 10 శాతం కట్టి, పీఎంఐ (డౌన్ పేమెంట్ 20 శాతం కన్నా తక్కువైతే అప్పుకు కట్టే ఇన్సూరెన్స్) భరించి, కనీసం 50 వేలు ఇంటి రిపేర్ల కోసం విడిగా ఉంచండి. అసలు ధరలో 80 శాతానికి అప్పు తగ్గాక పీఎంఐ తీసేయమని అడగొచ్చు. వడ్డీ కాస్త ఎక్కువవుతుంది, తెలుసు. అయినా ఈ ఇంటికి చేతిలో నగదు ఉండటమే ముఖ్యం.

401కె జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఉద్యోగం పోతే ఆ మిగిలిన అప్పును పన్ను రిటర్ను గడువులోగా కట్టాలి, లేకపోతే పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక ఉండేది 60 రోజులు. ఆ టెన్షన్‌లో ఇదీ తోడవ్వాలా?

ఒకవేళ తర్వాత సైడింగ్ మార్పిస్తే బిల్లులన్నీ దాచండి. ఆ ఖర్చు ఇల్లు కొన్న ధరకు కలిసి, అమ్మేటప్పుడు లాభం మీద పన్ను తగ్గొచ్చు.

ఆఫర్ పెట్టకముందే ఏజెంటును రెండు అడగండి: ఈ ఇంటికి గతంలో తేమ పరీక్ష రిపోర్టు ఉందా, స్టకో రిపేర్లు ఎవరు ఎప్పుడు చేశారు? రెండింటికీ జవాబు కాగితం మీద తీసుకోండి.