ఫాల్‌అవుట్ 76లో ఏ గన్ మంచిదో తేల్చేది బుల్లెట్లే

ఫాల్‌అవుట్ 76 అనే ఆన్‌లైన్ వీడియో గేమ్ గురించి మీరు అడిగింది ఇది: లెవెల్ 30 దాటింది, మీ దగ్గర ఎనిమిది రకాల గన్నులున్నాయి, బరువెక్కి పరుగెత్తలేకపోతున్నారు, సూపర్ మ్యూటెంట్లు అనే రాక్షస శత్రువులు ఎదురుపడితే ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిట్లోనూ బుల్లెట్లు అయిపోయి చచ్చిపోతున్నారు. అన్నిటికంటే మంచి గన్ ఏది, ఏ పవర్ ఆర్మర్ (ఒళ్లంతా కప్పే యంత్ర కవచం) వేసుకోవాలి? నయీంనగర్ హాస్టల్లో ఉంటూ రాత్రిపూట ఆడతానని కూడా రాశారు. నేను కాజీపేటలో ఉంటాను, చాలాకాలంగా ఈ ఆటే ఆడుతున్నాను. మన నెట్ మీద ఏ గన్ ఎట్లా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి కూడా చెప్తాను.

ముందు ఒక మాట. ఇప్పుడు నేను ఒక గన్ పేరు చెప్పి, దాన్ని తెచ్చి మీ చేతిలో పెట్టినా మీ సమస్య తీరదు. ఈ ఆటలో గన్ డ్యామేజ్‌లో చాలా భాగం పెర్క్ కార్డుల నుంచి, అంటే మన శక్తులు పెంచే కార్డుల నుంచి వస్తుంది. ఆ కార్డులు పెట్టుకోవడానికి కావలసిన స్పెషల్ పాయింట్లు (స్ట్రెంగ్త్, పర్సెప్షన్ లాంటి ఏడు గుణాలకు పంచుకునేవి) లెవెల్ 50 నాటికి మొత్తం 56 మాత్రమే, ఏ ఒక్క గుణంలోనూ 15 దాటి పెట్టలేం. రైఫిల్ కార్డులు పర్సెప్షన్‌లో, పిస్టల్ కార్డులు ఎజిలిటీలో, హెవీ గన్నులకూ షాట్‌గన్నులకూ చేతి ఆయుధాలకూ స్ట్రెంగ్త్‌లో ఉంటాయి. ఎనిమిది గన్నులు మోస్తున్నారంటే పాయింట్లు కూడా ఎనిమిది దిక్కులకు పోయినట్టే. పది బాయిలు తలా రెండు గజాలు తవ్వి నీళ్లు పడలేదనుకుంటే ఎట్లా? ఒక్కచోటే తవ్వాలి.

కాబట్టి ఒక రకం ఆయుధం, దానికి ఒకటో రెండో రకాల బుల్లెట్లు. మిగతావన్నీ ఈ రాత్రే స్క్రాప్ చెయ్యండి. అమ్మొద్దు. ఒక రకం గన్‌ను వర్క్‌బెంచ్ దగ్గర విరగ్గొడితే ఆ రకానికి పనికొచ్చే మాడ్లు, అంటే గన్‌కు తగిలించే మార్పులు, నేర్చుకునే అవకాశం ఉంటుంది. రిసీవర్లు, బ్యారెళ్లు, సైట్లు అన్నీ ఇట్లా నేర్చుకున్నవే ఎక్కువ. కాంబాట్ రైఫిళ్లు విరగ్గొట్టి నేర్చుకున్న మాడ్లు ఫిక్సర్ అనే రైఫిల్‌కు కూడా పనికొస్తాయి. వెస్ట్ టెక్‌లో సూపర్ మ్యూటెంట్ల దగ్గర రాలిన గన్నులన్నీ ఏరుకొచ్చి, పక్కనే వర్క్‌బెంచ్ ఎక్కడుందో చూసుకుని విరగ్గొడుతూ పోతే కొద్ది రోజుల్లోనే మీ గన్ మారిపోతుంది. కొత్త గన్ కోసం తిరిగే టైమ్‌లో ఉన్న గన్‌కు మంచి రిసీవర్ పెట్టుకోవడం మేలు.

మీ లెవెల్‌లో, మీ పరిస్థితిలో నేను గట్టిగా చెప్పేది హెవీ గన్, పవర్ ఆర్మర్ జోడీ. .50 క్యాలిబర్ మెషీన్ గన్ లేదా గ్యాట్లింగ్ గన్. రెండోది చేతితో తిప్పే పాత కాలపు గన్. మెల్లగా కాలుస్తుంది కానీ ఒక్కో తూటా గట్టిగా తగులుతుంది, బుల్లెట్లు ఆదా అవుతాయి. మినీగన్ కూడా అదే 5 మిల్లీమీటర్ల బుల్లెట్ తింటుంది, కానీ కుంభవృష్టిలా కురిపించి మీ స్టాక్ ఊడ్చేస్తుంది. బుల్లెట్లకే కష్టపడుతున్న మనిషి మినీగన్ జోలికి పోవద్దు. స్ట్రెంగ్త్‌లో హెవీ గన్నర్ కార్డులు, బరువు తగ్గించే బేర్ ఆర్మ్స్, ఇంటెలిజెన్స్‌లో స్టెబిలైజ్డ్ పెట్టుకోండి. ఈ చివరిది పవర్ ఆర్మర్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది. హెవీ గన్ గురి కుదురుతుంది, శత్రువు కవచంలో కొంత భాగం లెక్కలోకి రాకుండా పోతుంది. అంకెలు అప్‌డేట్లతో మారుతూ ఉంటాయి కాబట్టి కార్డు మీద రాసింది చదువుకోండి.

ఇగ బుల్లెట్ల సంగతి. కొత్తగా ఆడేవాళ్లు బుల్లెట్లు దొరకాలి అనుకుంటారు. ముదిరినవాళ్లు తయారు చేసుకుంటారు. దీనికి సీసం, ఉక్కు, గన్‌పౌడర్ కావాలి. గన్‌పౌడర్‌కు గుడ్డ, యాసిడ్ కావాలి. గుడ్డ, ఉక్కు ఎక్కడైనా దొరుకుతాయి. కష్టమంతా సీసం దగ్గర, యాసిడ్ దగ్గర. సీసం కోసం లక్కీ హోల్ మైన్‌కు వెళ్లండి. గోడల్లో సీసం ముడి ఖనిజం ఉంటుంది, దాన్ని కరిగించడానికి మళ్లీ యాసిడే. యాసిడ్ కోసం హెమ్‌లాక్ హోల్స్ వర్క్‌షాప్ (ఆటగాళ్లు స్వాధీనం చేసుకునే స్థలం) పట్టుకుని ఎక్స్‌ట్రాక్టర్లు, అంటే యాసిడ్ తోడే యంత్రాలు పెట్టొచ్చు, స్నాలీగాస్టర్లు అనే జంతువులను చంపినా వస్తుంది. బెంచ్ ముందు నిలబడ్డాక మాత్రం అమ్మోస్మిత్, సూపర్ డూపర్ కార్డులు పెట్టుకోకుండా ఒక్క బుల్లెట్ కూడా చెయ్యొద్దు. మొదటిది ప్రతిసారీ ఎక్కువ బుల్లెట్లు ఇస్తుంది. రెండోది అప్పుడప్పుడూ మొత్తం రెట్టింపు చేస్తుంది, అది పడ్డప్పుడు వచ్చే చిన్న మ్యూజిక్ వింటే ప్రాణం లేచొస్తుంది. పని అయ్యాక యుద్ధం కార్డులు తిరిగి పెట్టుకోండి. రైల్వే స్టేషన్లలో ఉండే పంచ్ కార్డ్ మెషీన్‌లో రెండు లోడ్‌అవుట్లు (కార్డుల అమరికలు) దాచుకుంటే ఈ మార్చుడు ఒక్క నొక్కుతో అయిపోతుంది.

ఇంకోటి. 2020లో వచ్చిన వన్ వేస్ట్‌ల్యాండ్ అప్‌డేట్ నుంచి, మీరు ఏ గన్‌తో చంపితే ఆ గన్ బుల్లెట్లే శత్రువు దగ్గర దొరికేటట్టు చేశారు. ఎనిమిది గన్నులు మార్చి మార్చి కాలిస్తే ఎనిమిది రకాల బుల్లెట్లు తలా పిడికెడు వస్తాయి, దేనికీ చాలవు. ఒకే గన్ పట్టుకుంటే అదే తన తిండి తాను తెచ్చుకుంటుంది. మీ సమస్యకు అసలు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

పవర్ ఆర్మర్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీంట్లో నాకు సొంత మమకారం ఉంది. మీకు ఇప్పుడు కావలసింది ఎక్స్‌కవేటర్. యాష్ హీప్ ప్రాంతంలో గారహాన్ మైనింగ్ హెడ్‌క్వార్టర్స్ దగ్గర మైనర్ మిరాకిల్స్ అనే క్వెస్ట్ చేస్తే తయారుచేసే ప్లాన్లు వస్తాయి, లెవెల్ 25 నుంచే వేసుకోవచ్చు. మొత్తం సెట్ వేసుకుంటే 100 బరువు అదనంగా మోయగలరు, గనిలో ముడి ఖనిజం కూడా మామూలు కంటే చాలా ఎక్కువ వస్తుంది. అంటే మీ బరువు బాధ, మీ సీసం బాధ రెండూ ఒక్క సూటుతో తగ్గుతాయి. లక్కీ హోల్‌కు ఇది లేకుండా పోవడం శుద్ధ దండగ.

మా బాపు భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు, కాకతీయ ఖనిలో దిగి పనిచేసిన మనిషి. ఈ ఆట జరిగే వెస్ట్ వర్జీనియా కూడా నిజంగానే బొగ్గు సీమ. యాష్ హీప్‌లో ఆ బూడిద గాలి, గుట్టలు గుట్టలుగా పోసిన మట్టి, మూతపడ్డ బాయిలు చూస్తుంటే భూపాలపల్లి, గోదావరిఖని పిల్లలకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. ఎక్స్‌కవేటర్‌ను ఆటలో సైనికుల కోసం చెయ్యలేదు, గని కార్మికుల కోసం చేసింది. బాపు ఒకసారి నా వెనక నిలబడి ఆ సూట్ తల మీది లైట్ గోడ మీద పడటం చూసి, "కింద గాలి ఎట్లుంటదిరా?" అని అడిగాడు. గన్ను గురించి అడగలేదు. గనిలో దిగిన మనిషికి మొదట గుర్తొచ్చేది గాలే. ఆటలో కూడా అంతే: యాష్ హీప్ గాలి రోగాలు తెస్తుంది, పవర్ ఆర్మర్‌లో ఉంటే మాస్కు విడిగా అక్కర్లేదు. మొనొంగా మైన్‌లో ఎ కొలోసల్ ప్రాబ్లమ్ అనే పెద్ద ఈవెంట్ ఉంటుంది. అక్కడ ఎదురయ్యే ఎర్ల్ విలియమ్స్ కూడా ఒకప్పటి గని కార్మికుడే. మొనొంగా అన్నది కల్పించిన పేరు కాదు. 1907 డిసెంబరు 6న ఆ ఊరి గనిలో పేలుడు జరిగి 362 మంది చనిపోయారని అక్కడి రికార్డు. అమెరికా చరిత్రలో అంత పెద్ద గని ప్రమాదం ఇంకోటి లేదు. అది తెలిసినప్పటి నుంచి ఆ ఈవెంట్ చివర గని కూలుతుంటే బయటికి పరుగెత్తే ఆ కాస్త సమయం నాకు మామూలు ఆటలా అనిపించదు.

సరే, కవచం లెక్కకు వద్దాం. ఏ పవర్ ఆర్మరైనా ఆరు భాగాలూ ఉంటే, రెసిస్టెన్స్ అంకెలు కాకుండానే, తగిలే దెబ్బలో 42 శాతం, రేడియేషన్‌లో 90 శాతం తగ్గిస్తుంది. అందుకే ఎక్స్‌కవేటర్ బలహీనం అనే మాటలు పట్టించుకోకండి, మీ లెవెల్‌లో మామూలు లెదర్, మెటల్ ఆర్మర్ కంటే అది ఎంతో నయం. తర్వాత టీ-51 దొరికితే యుద్ధానికి అది, తవ్వుడికి ఎక్స్‌కవేటర్ అని రెండు పెట్టుకోవచ్చు. టీ-65 ప్లాన్లు వాల్ట్ 79లో రెగ్స్ అనే వ్యాపారి దగ్గర గోల్డ్ బులియన్ అనే ఆట డబ్బుకు కొనాలి, అది చాలా రోజుల పని. 2022లో పిట్ ఎక్స్‌పెడిషన్లతో వచ్చిన యూనియన్ సూట్ బరువుకూ విషానికీ మంచిది. స్టీల్ రెయిన్ కథ పూర్తిచేస్తే వచ్చే హెల్‌క్యాట్ బుల్లెట్ దెబ్బలకు మంచిది. వీటిలో ఏది గొప్పదని వాదించుకునే స్థాయికి మీరు ఇంకా రాలేదు, తొందర కూడా లేదు. పవర్ ఆర్మర్‌ను నడిపే ఫ్యూజన్ కోర్లు అయిపోతాయని భయమైతే పోసైడన్, మొనొంగా, థండర్ మౌంటెన్ పవర్ ప్లాంట్లలో ఏదో ఒకటి బాగుచేసి అక్కడి ప్రాసెసర్ నడపండి, మీరు వేరే పని చూసుకునేలోపు కోర్లు తయారవుతుంటాయి.

హాస్టల్ నెట్ సంగతి. ఇది ఆన్‌లైన్ ఆట, పాజ్ లేదు. వ్యాట్స్ (గురి తానే కుదిర్చే పద్ధతి) కూడా ఇక్కడ కాలాన్ని ఆపదు. రాత్రి అందరూ వీడియోలు చూసే టైమ్‌లో పింగ్ (నెట్ ఆలస్యం) పెరిగితే శత్రువు ప్రాణం సగానికి పడిపోయి మళ్లీ పైకి ఎగబాకడం చూస్తారు. అది మీ గన్ లోపం కాదు. ఇట్లాంటి నెట్ మీద బ్లడీడ్ బిల్డ్ పెట్టుకోవద్దని నా సలహా. ప్రాణం తక్కువగా ఉంచుకుంటే డ్యామేజ్ పెరిగే పద్ధతి అది. యూట్యూబ్‌లో అందరూ దాన్నే చూపిస్తారు, నిజమే, దెబ్బ మస్తుగా ఉంటుంది. కానీ ఒక్క క్షణం లాగ్ వస్తే మీరు ప్రాణం నింపే స్టిమ్‌ప్యాక్ నొక్కేలోపే పడిపోతారు. మీకు వ్యాంపైర్స్ గుణం ఉన్న హెవీ గన్ కావాలి. శత్రువుకు తూటా తగులుతున్నంతసేపూ మీ ప్రాణం నిండుతూ ఉంటుంది. హెవీ గన్ తూటాలు ఆపకుండా పోతుంటాయి కాబట్టి ఆ గుణం దానికి బాగా అతుకుతుంది. 2024 సెప్టెంబరులో మైల్‌పోస్ట్ జీరో అప్‌డేట్ వచ్చాక లెజెండరీ (ఇట్లాంటి ప్రత్యేక గుణాలున్న) ఆయుధాలను విరగ్గొట్టి వాటి గుణాలను నేర్చుకునే అవకాశం కూడా వచ్చింది. మీకు పనికిరాని వ్యాంపైర్స్ పిస్టల్ దొరికినా పారెయ్యకుండా విరగ్గొట్టండి.

చేతి ఆయుధాల గురించి రెండు ముక్కలు. బుల్లెట్ల ఖర్చే లేదు, కార్డులు ఎట్లాగూ స్ట్రెంగ్త్‌లోనే ఉంటాయి కాబట్టి హెవీ గన్‌కు తోడుగా ఒక గొడ్డలో, సూపర్ స్లెడ్జో ఉంచుకోండి. ఆటలో కొడవలి కూడా ఉంది, నాకది ఇష్టం. కానీ పింగ్ బాగాలేని రాత్రి చేతి ఆయుధం పట్టుకుంటే గాలిని కొట్టినట్టుంటుంది. అది పొద్దున పూట సామాను.

గన్ను విరగకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. ఎక్కువ కాల్చే గన్ తొందరగా అరుగుతుంది. గన్‌స్మిత్ కార్డు ఆ అరుగుదల తగ్గిస్తుంది, వెపన్ ఆర్టిజన్ కార్డుతో రిపేర్ చేస్తే కండిషన్ మామూలు హద్దు దాటి రెట్టింపు వరకు నిలుస్తుంది. స్కార్చ్‌బీస్ట్ క్వీన్ లాంటి పెద్ద ఈవెంట్లలో రిపేర్ కిట్లు వస్తాయి. వాటిని మామూలు పోరాటాలకు వాడెయ్యకండి. క్వీన్ ముందు గన్ ఆగిపోయినప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

రైల్వే రైఫిల్ అడగలేదు కానీ కాజీపేట జంక్షన్‌లో ఉండేవాణ్ని, చెప్పకుండా ఉండలేను. రైలు పట్టాలకు కొట్టే మేకులను ఆవిరితో కాల్చే రైఫిల్ అది, రైలు కూత కూడా కూస్తుంది. ఆటోమేటిక్ రిసీవర్ పెడితే ఆటలోని గట్టి ఆయుధాల్లో ఒకటి. అయితే దాని కార్డులు పర్సెప్షన్‌లో ఉంటాయి కాబట్టి లెవెల్ 50 దాటి, హెవీ బిల్డ్ కుదురుకున్నాక, దానికి వేరే లోడ్‌అవుట్ కట్టుకోండి. ఇప్పుడే వద్దు.

పబ్లిక్ టీమ్‌లో ఎప్పుడూ చేరండి, ఇతర ఆటగాళ్లకు మన దెబ్బ తగలకుండా చేసే ప్యాసిఫిస్ట్ మోడ్ ఆన్‌లో ఉంచండి. మీరు ఏ ప్లాట్‌ఫామో రాయలేదు. పీసీ అయితే కింద కామెంట్ పెట్టండి, ఆదివారం పొద్దున నెట్ బాగుంటుంది, గారహాన్ దగ్గర కలిసి ఎక్స్‌కవేటర్ క్వెస్ట్ చేద్దాం, నా దగ్గర .50 బుల్లెట్లు చాలానే ఉన్నాయి, ఇస్తాను. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ అయితే క్రాస్‌ప్లే లేదు కాబట్టి కలవలేం, కానీ మీ కార్డుల స్క్రీన్‌షాట్ పెడితే ఏది తీసెయ్యాలో, ఏది ఉంచాలో చూసి చెప్తాను.