పాఠకుల ప్రశ్నలు: సముద్ర శిలాజం అసలా, అతుకా?

ఈసారి ఉత్తరాల్లో చాలా వరకు శిలాజాల మీదే. డైనోసార్ల కాలంనాటి సముద్ర జీవులు, వాటిని ఎక్కడ వెతకాలి, కొన్నవి అసలువో కాదో ఎలా తేల్చాలి అన్నవే ఎక్కువమంది అడిగారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పిల్లలతో గుట్టలెక్కినప్పుడల్లా రాళ్లు తిరగేసి చూస్తుంటాం. ఒకప్పుడు మన దగ్గర సముద్రం ఉండేదంటారు కదా, డైనోసార్ల కాలంనాటి గవ్వలు, నత్తలు ఇక్కడి రాళ్లలో దొరుకుతాయా?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: దొరకవు. దేవరకొండ, నల్గొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైటు, నీస్ రాళ్లు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోతున కరిగిన రాయి చల్లబడి గట్టిపడితే వచ్చింది గ్రానైటు. అందులో గవ్వ ఉండే వీలే లేదు.

సముద్రం ఉండేదన్న మాట మాత్రం నిజమే. హుజూర్‌నగర్, మట్టంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి, మన ఇళ్లలో పరిచే తాండూరు బండ సముద్రం అడుగున పేరుకున్నవే. అయితే అది డైనోసార్ల నాటి సముద్రం కాదు. డైనోసార్లు, చుట్టలు తిరిగిన గుల్ల ఉండే సముద్ర జీవులైన అమ్మోనైట్లు తిరిగిన మధ్యజీవ మహాయుగం 25.2 కోట్ల ఏళ్ల కిందట మొదలై 6.6 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. మన సున్నపురాళ్లు అంతకంటే ఎంతో ముందటివి. అప్పటికి గుల్ల కట్టుకునే జంతువే పుట్టలేదు. శ్రీశైలం వైపు పలుగురాతి బండల మీద అలల గీతలు చక్కగా కనిపిస్తాయి. అవి నీటి గుర్తులే, జీవి గుర్తులు కావు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొడంగల్ నుంచి వికారాబాద్ వైపు వెళ్తే సంగతి వేరు. అక్కడ నల్లరేగడి కింద దక్కన్ లావా పొరలున్నాయి. రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న సుద్దరాయి, చెకుముకి రాళ్లలో నత్తగుల్లలు కనబడవచ్చు. కాలం సరిగ్గా డైనోసార్లు అంతరించిన రోజులది, 6.6 కోట్ల ఏళ్లకు అటూఇటూ. కానీ అవి చెరువుల్లో బతికిన మంచినీటి నత్తలు. ఎవరైనా వాటిని సముద్రపువని అమ్మజూపితే నమ్మకండి.

ఇల్లు కదలకుండా అసలు సముద్ర శిలాజం చూడాలంటే మార్బుల్ దుకాణానికి వెళ్లండి. జైసల్మేర్ పసుపు రాయి జురాసిక్ (మధ్యజీవ మహాయుగపు నడిమి భాగం) సముద్రపు సున్నపురాయి. పాలిష్ పలకలో అడ్డంగా కోసిన గుల్లల వంపులు తరచు కనిపిస్తాయి. అదే జిల్లా నుంచి వచ్చే హాబూర్ రాయి క్రెటేషియస్ (అదే మహాయుగపు చివరి భాగం) నాటిది, నిండా గుల్లలే. కోతల్లో మిగిలిన ముక్కలు దుకాణంవాళ్లు ఊరికే ఇస్తారు. పిల్లల మొదటి సేకరణకు ఇంతకంటే ఖచ్చితమైన సరుకు లేదు. ఎక్కడి రాయో తెలుసు, ఏ కాలందో తెలుసు, నకిలీ చేసే అవసరం ఎవరికీ లేదు.

ప్రశ్న: మా వరండాలో వేసిన షాబాద్ బండ మీద నల్లగా చెట్టుకొమ్మలాంటి అచ్చు ఉంది. ఇది మొక్క శిలాజమేనా?
– పాఠకురాలు, నారాయణపేట

జవాబు: కాదు. రాతి పగుళ్లలోకి ఇంకిన నీటిలోని మాంగనీసు అలా కొమ్మలుగా పేరుకుంటుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. కొమ్మలన్నీ పగులు నుంచో రాతి అంచు నుంచో మొదలవుతాయి. ఆకుకుండే నడిమి ఈనె ఉండదు. సూదితో గీకితే నల్లటి పొడి రాలుతుంది, కింద మామూలు రాయే. అందంగా ఉంది కాబట్టి ఉంచుకోండి. చీటీ మీద మాత్రం శిలాజమని రాయకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మొరాకో నుంచి వచ్చిన మోససార్ దవడ కొన్నాను. ఇసుకరాయిలో ఆరు పళ్లు వరుసగా ఉన్నాయి. ‘సముద్రపు డైనోసార్, నూరు శాతం అసలు’ అని రాసి ఉంది. ఎలా తేల్చుకోవాలి?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందుగా, మోససార్ డైనోసార్ కాదు. బల్లులు, పాముల వర్గానికి చెందిన సముద్ర సరీసృపం. ఆ చీటీ రాసినవాళ్లకు తెలియకనైనా ఉండాలి, మీకు తెలియదనుకునైనా ఉండాలి.

మొరాకోలో ఖురిబ్గా చుట్టుపక్కల ఫాస్ఫేటు గనుల్లో మోససార్ పళ్లు కుప్పలుగా దొరుకుతాయి. క్రెటేషియస్ చివరి రోజులవి. విడి పన్ను అగ్గువకే వస్తుంది, దాన్ని నకిలీ చేసి లాభం లేదు. పూర్తి దవడ అరుదు, ధర ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మోసమంతా దవడల్లో జరుగుతుంది. విడి పళ్లను వరుసగా నిలబెట్టి, చుట్టూ ఫాస్ఫేటు ఇసుకను జిగురుతో కలిపి పోసి, పైన ఎముక తునకలు అంటిస్తారు. పళ్లు అసలువే, దవడ కల్పితం. ‘అసలు పళ్లు’ అన్న మాట నిజమే కాబట్టి అమ్మినవాడు దబాయిస్తాడు.

మొదట కంటితో చూడండి. అసలు దవడలో ప్రతి పన్ను లావైన ఎముక మొదలు మీద, తన గుంటలో కుదురుకుని ఉంటుంది. కొన్నింటి మొదట్లో పాత పన్ను స్థానంలోకి రాబోయే పిల్ల పన్నుకు చిన్న గుంట కనిపిస్తుంది. అతికిన దవడలో పళ్లు నేరుగా ఇసుకలోంచే లేస్తాయి. పక్కపక్క పళ్ల ఆకారం, రంగు, అరుగుదల పొంతన ఉండదు. ఒకటి సన్నగా వంపు తిరిగి, పక్కది పొట్టిగా మొద్దుగా ఉంటే అవి రెండు జంతువులవి.

తర్వాత భూతద్దం. పన్ను పింగాణీ (ఎనామెల్) మీద నిలువుగా సన్నటి నెర్రెలుండాలి, మొదలు ఎముక గుల్లగుల్లగా ఉండాలి. ఇసుకలో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది రెసిన్, అంటే పోసి గట్టిపరిచిన ప్లాస్టిక్ జిగురు.

మూడోది జిగురును కరిగించే ద్రవం, ఎసిటోన్. మందుల దుకాణంలో గానీ పెయింట్ల దుకాణంలో గానీ దొరుకుతుంది. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి వాడండి. దూదిపుల్ల ముంచి పన్నుకూ ఇసుకకూ మధ్య అతుకు మీద అర నిమిషం రుద్దండి. దూది జిగటగా మారినా, రంగు అంటినా అక్కడ జిగురో రంగో ఉన్నట్టు. వెనకవైపు నుంచి గోరంత ఇసుక గడ్డ తీసి, గాజు గిన్నెలో ఎసిటోన్ పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకు పొడిపొడిగా విడిపోతే జిగురే దాన్ని పట్టి ఉంచింది. విడిపోకపోతే అసలని మాత్రం అనుకోకండి. గట్టిపడిన ఎపాక్సీ జిగురును ఎసిటోన్ కరిగించదు. దానికి ఎర్రగా కాల్చిన సూదిని కనబడనిచోట గుచ్చి వాసన చూడాలి. ప్లాస్టిక్ కాలిన కంపు వస్తే ఎపాక్సీయే.

ఇక్కడో తిరకాసు ఉంది. నిజాయితీ గల వ్యాపారి కూడా పెళుసు ఎముక విరిగితే జిగురు వాడతాడు. జిగురు కనిపించినంత మాత్రాన నకిలీ అయిపోదు. ఎక్కడుందన్నదే లెక్క. పగులు గీత వెంట సన్నగా ఉంటే మరమ్మతు. పన్ను చుట్టూ గుండ్రంగా ఉంటే అతుకు. దీన్ని చీకట్లో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చితో తేలిగ్గా పట్టవచ్చు. చాలా జిగుర్లు నీలి తెలుపుగా మెరుస్తాయి. సున్నపురాతి ఖనిజమైన కాల్సైటు కూడా సొంతంగా మెరవగలదు. కాబట్టి మెరుపు ఉందా లేదా అని కాకుండా, అది ఏ ఆకారంలో ఉందో చూడండి.

మీ ఫొటోలో ఆరు పళ్లకూ మొదలు ఎముక కనిపించడం లేదు. అతికినదనే అనుకుంటున్నాం. వాపసు గడువు దాటకపోతే ఎసిటోన్ జోలికి పోకుండా తిప్పి పంపేయండి.

ప్రశ్న: రెండు చెక్కలుగా కోసి పాలిష్ చేసిన మడగాస్కర్ అమ్మోనైట్ బహుమతిగా వచ్చింది. గోకకుండా, కాల్చకుండా పరీక్షించే దారి ఉందా?
– పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఉంది. వంటింటి డిజిటల్ త్రాసు చాలు, 0.1 గ్రాము చూపేదైతే మేలు. ముందు ఒక చెక్కను పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నాకు తెండి. చెక్కను దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా నీటిలో వేలాడదీయండి. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. పొడిగా 54 గ్రాములుండి, నీటిలో అంకె 20 వస్తే సాంద్రత 2.7. కాల్సైటుది 2.71. వట్టి రెసిన్‌ది 1.1 నుంచి 1.3. రాతిపొడి కలిపిన రెసిన్ కొంచెం పెరుగుతుంది గానీ 2.7 దాకా రావడం కష్టం. గుల్ల లోపలి గదుల్లో చిక్కిన గాలి బుడగలు లెక్క తప్పిస్తాయి. నీటిలో చెక్కను రెండు మూడుసార్లు ఊపి బుడగలు పోయాకే అంకె చూడండి.

సున్నపురాయిని చెక్కి చేసిన బొమ్మ కూడా ఈ పరీక్ష పాసవుతుంది. అందుకని బయటివైపు చూడండి. పై పెంకు అరిగినచోట అమ్మోనైట్ మీద ఫెర్న్ ఆకు అంచులాంటి మెలికల గీతలు ఉంటాయి. లోపలి గది గోడ పెంకును తాకిన చోట్లు అవి. గది గదికీ అదే నమూనా మళ్లీ వస్తుంది, చుట్టు పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. చెక్కేవాడు పక్కటెముకల్లాంటి గాళ్లు పెడతాడు, ఈ గీతలు పెట్టలేడు. రెండు చెక్కలూ అద్దంలో బింబంలా సరిపోవాలి, రంపం తిన్న మందం మేరకే తేడా ఉండాలి. ఇలా అమ్మే వాటిలో ఎక్కువ క్లియోనిసెరాస్ జాతివి, 11 కోట్ల ఏళ్లనాటివి. ఖాళీ గదిని నల్ల రెసిన్‌తో నింపడం మామూలే.

అదే దుకాణంలో నల్ల పాలిష్ రాతిలో తెల్లటి బాణం మొనల్లాంటి ‘ఆర్థోసెరాస్’ కూడా ఉంటుంది. అసలుదే కావచ్చు గానీ డైనోసార్లకంటే చాలా ముందటిది. ఒళ్లంతా కణుపులుగా ఉండే సముద్ర జీవులు ట్రైలోబైట్లూ అంతే. మెగలోడాన్ అనే సొరచేప పన్నేమో డైనోసార్లు పోయిన తర్వాతిది.

ప్రశ్న: మా ఇంట్లో తాతలనాటి సాలగ్రామం ఉంది. అదీ అమ్మోనైటేనంటున్నారు. నిజమా? ఇప్పుడు అమ్మేవి అసలువేనా?
– పాఠకుడు, గద్వాల

జవాబు: లోపల చక్రం ఉంటే అమ్మోనైటే. నేపాల్‌లో ముక్తినాథ్ ఎగువన, ఒకప్పటి టెథిస్ సముద్రం అడుగున పేరుకున్న నల్లటి షేల్ (పలకలుగా విడిపోయే మట్టిరాయి) పొరల్లోంచి గండకీ నది వాటిని దొర్లించి తెస్తుంది. ఎక్కువ జురాసిక్ చివరి కాలానివి. అన్నింటిలో చక్రం ఉండాలనేం లేదు. తాతలనాటిదాన్ని పరీక్షలకు గురిచేయాల్సిన పని లేదు. కొత్తగా కొంటే నీళ్లతో తడిపి తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి, నలుపు అంటితే రంగు పూసినట్టు. చక్రం గాళ్లలో సమాంతరంగా ఉలి గీతలు కనిపించినా అనుమానించండి. రెండుగా విచ్చుకున్న రాయిలో ఒకవైపు ఉబ్బు ఉంటే, ఎదురు చెక్కలో అదే గాళ్లతో లోతు ఉండాలి. బంగారు పొర ఉన్నదైతే అది పైరైటు అనే ఇనుప ఖనిజం. అభిషేకం అయ్యాక తడి లేకుండా తుడిచి పెట్టండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: ఇంగ్లండు నుంచి తెప్పించిన బంగారు రంగు చిన్న అమ్మోనైట్ల మీద వానాకాలంలో తెల్లటి పొడి లేచింది. పెట్టె అడుగు కాగితం కూడా మాడినట్టయింది.
– పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: అది పైరైటు జబ్బు. తేమా గాలీ తగిలి ఇనుప సల్ఫైడు, ఇనుప సల్ఫేటుగానూ గంధకామ్లంగానూ మారుతోంది. మీ కాగితాన్ని తిన్నది ఆ ఆమ్లమే. గాలిలో తేమ 60 శాతం దాటితే వేగం అందుకుంటుంది, జూలై నుంచి అక్టోబరు దాకా మన దగ్గర దాటుతూనే ఉంటుంది.

పాడైనవాటిని ముందు వేరు చేయండి. చేతి తొడుగులు, మాస్కు పెట్టుకుని పొడి బ్రష్‌తో పొడిని దులపండి. నీళ్లతో కడగకండి. ఎసిటోన్‌లో ముంచి తీసి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక 100 మి.లీ. ఎసిటోన్‌లో 5 గ్రాముల పారలాయిడ్ బి-72 (మ్యూజియంలలో వాడే యాక్రిలిక్ రెసిన్) కరిగించి అందులో ముంచి తీయండి. ఈ పూత విడిపోయే రేణువులను పట్టి ఉంచుతుంది, తేమను మాత్రం ఆపదు. అసలు మందు పొడి గాలే. మూత బిగుతుగా పట్టే రెండు లీటర్ల డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 45 శాతం లోపు ఉంచండి. నారింజ గుళికలు పచ్చబడితే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నెయిల్ పాలిష్, వార్నిష్ పూస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. పగిలేదాకా మీకు తెలియదు.

ప్రశ్న: కొనకుండా సొంతంగా ఏరుకోవాలంటే మనకు దగ్గర్లో చోటేది?
– పాఠకుడు, సూర్యాపేట

జవాబు: తెలుగు నేల మీద పాత పశ్చిమగోదావరిలో దుద్దుకూరు దగ్గర లావా కింది సున్నపురాయిలో టరిటెల్లా అనే పొడవాటి మరగుల్లలున్నాయి, క్రెటేషియస్ చివరివి. రాఘవాపురం షేల్‌లో అంతకంటే పాత అమ్మోనైట్లు ఉన్నా ముక్కలే ఎక్కువ, షేల్ పొరలు చేతిలోనే విడిపోతాయి. ఓపిక ఉంటే తమిళనాడులోని అరియలూరు, కారై వైపు వెళ్లండి. కారై బంకమట్టి దిబ్బల్లో వానకు మట్టి కొట్టుకుపోయి, తుపాకీ తూటాల్లాంటి బెలెమ్నైట్లు (స్క్విడ్ లాంటి జీవుల లోపలి గట్టి భాగాలు) పైకి తేలతాయి. ఎండకు మెరిసే పలకలు జిప్సం, వాటి వెంట పడొద్దు. వానలు తగ్గాక జనవరి, ఫిబ్రవరి అనుకూలం. తవ్వకండి, నేల మీద తేలినవే ఏరండి.

పొలమైతే యజమానిని, గని అయితే మేనేజరును ముందే అడగండి. రక్షిత స్థలమని బోర్డు ఉన్నచోట, అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యంలో గులకరాయి కూడా తీయొద్దు. వెన్నెముక, పుర్రె, గుడ్డు లాంటిది కనిపిస్తే కదపకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, భారత భూగర్భ సర్వే వాళ్లకు చెప్పండి. 2017లో వెల్లడైన కచ్ ఇక్తియోసార్ (చేపలాంటి ఒళ్లున్న సముద్ర సరీసృపం), మన దేశపు జురాసిక్ రాళ్లలో దొరికిన మొట్టమొదటి ఇక్తియోసార్, అలా రాతిలో ఉన్నచోటే దొరికింది కాబట్టే దాని కాలం తేలింది.

ప్రశ్న: సేకరించిన శిలాజంతో పెట్టే చీటీ మీద ఏమేం రాయాలి?
– విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: వరుస సంఖ్య, దొరికిన ఊరు, ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు, రాతి పొర పేరు, తేదీ, ఏరినవారి పేరు. కొన్నదైతే అమ్మినవారి పేరు, బిల్లు. చేసిన మరమ్మతు, వాడిన జిగురు కూడా రాయండి. బ్రెజిల్ శిలాజం అంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, 1942 నుంచి అక్కడివన్నీ ఆ ప్రభుత్వ సొత్తు. శిలాజం మీద కనబడని మూల పారలాయిడ్ చుక్క వేసి, ఆరాక నల్ల ఇంకుతో సంఖ్య రాసి, పైన మరో చుక్క వేయండి. తప్పు పడితే ఎసిటోన్‌తో తుడిస్తే పోతుంది. చీటీని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ రాత కొన్నేళ్లకు వెలిసిపోతుంది.