ఆ అర్జీకి నేను ఒప్పుకోవాలా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. పదకొండేళ్ల క్రితం మా తమ్ముడిని చంపిన మనిషికి యావజ్జీవ శిక్ష పడింది. ఇప్పుడు అతనికి క్యాన్సర్ ముదిరిందట. మూడు నెలలకు మించి బతకడని డాక్టర్లు రాసిచ్చారట. ఆఖరి రోజులు ఇంట్లో గడుపుతానని విడుదలకు అర్జీ పెట్టుకున్నాడు. మా అభిప్రాయం అడుగుతూ కాగితం వచ్చింది. ‘ఎలాగూ పోయేవాడే, పోనీలే’ అంటున్నారు మావాళ్లు. నాకు మనసొప్పడం లేదు. మా తమ్ముడికి ఆఖరిసారి అమ్మ మొహం చూసుకునే వీలు కూడా దొరకలేదు. నేను రాతిగుండెదాన్నా? బయటికొచ్చాక అతను మూడేళ్లు బతికితే?
– పేరు రాయలేదు

జవాబు: అమ్మా, మీరు రాతిగుండె మనిషైతే ఆ కాగితం మీద ‘వద్దు’ అని ఒక్క ముక్క రాసి పంపేసేవారు. నాకు ఇంత ఉత్తరం రాసేవారు కాదు.

ముందు మీ ఆఖరి ప్రశ్న. మూడు నెలలన్నది మేం వేసే అంచనా మాత్రమే. నయంకాని జబ్బులున్నవాళ్లకు నొప్పి తగ్గించే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. నా లెక్క చాలాసార్లు తప్పింది. మీరు భయపడుతున్నట్టే జరిగిన సంగతీ ఉంది. 1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ ఊరి మీద విమానంలో బాంబు పేలి 270 మంది చనిపోయారు. ఆ కేసులో శిక్షపడిన లిబియా దేశస్థుడు మెగ్రాహికి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. మూడు నెలలే అన్నారు. 2009 ఆగస్టులో స్కాట్లాండ్ న్యాయశాఖ మంత్రి కెన్నీ మెక్‌అస్కిల్ జాలితో విడుదల చేశారు. లిబియా రాజధాని ట్రిపోలీలో దిగగానే జెండాలు ఊపి స్వాగతం చెప్పారు. అతను 2012 మే దాకా, అంటే రెండేళ్ల తొమ్మిది నెలలు బతికాడు. చనిపోయినవాళ్ల కుటుంబాల్లో ఎంతోమంది రగిలిపోయారు. వాళ్ల కోపం న్యాయమైనదే. నన్నడిగితే, అతను ఎక్కువ కాలం బతికినందుకన్నా ఆ స్వాగతమే వాళ్లను ఎక్కువ కోసి ఉంటుంది.

అదే విమానంలో కూతురు ఫ్లోరాను పోగొట్టుకున్న జిమ్ స్వైర్ మాత్రం ఆ విడుదలను సమర్థించారు. మెగ్రాహి దోషి కాడని ఆయన నమ్మకం. ఒకే దుఃఖం ఉన్నవాళ్లంతా ఒకేలా ఆలోచించరమ్మా. మీవాళ్ల మాట మీ మాట కానక్కర్లేదు.

ఇక నేను కళ్లారా చూసింది చెప్తాను. కొన్నేళ్ల క్రితం మా వార్డుకి ఒక ఖైదీని తెచ్చారు. పొట్టలో క్యాన్సర్. కాలికి గొలుసు, దాని రెండో కొస మంచం కోడుకి. మనిషి ఎంత చిక్కిపోయాడంటే కడియం మడమ మీదికి జారిపోయేది. కాపలా కానిస్టేబుల్ రోజూ గుడ్డపీలిక చుట్టి మళ్లీ బిగించేవాడు. ‘రూలు మేడం, నేనేం చెయ్యను’ అనేవాడు, నా మొహంలోకి చూడకుండా. ఒకరోజు తెల్లవారుజామున ఆయాసం వచ్చి లేచి కూర్చోబోతే గొలుసు పట్టేసింది. తాళంచెవి ఉన్నతను డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. చెవి దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను అతని వీపు కింద చెయ్యిపెట్టి పట్టుకున్నాను. అతను చేసిన నేరం నాకు తెలుసు, చిన్నదేం కాదు. అయినా ఆ గొలుసు వల్ల బాధితుల ఇంటికి ఒరిగిందేమిటో నాకు అర్థం కాలేదు. విడుదల ఆర్డరు అతను పోయిన నాలుగో రోజున వచ్చింది. కవరు నేనే విప్పాను.

ఇలా ఆలస్యం కావడం ఒక్కచోటి సంగతి కాదు. అమెరికాలో ఫెడరల్ ఖైదీల (కేంద్ర ప్రభుత్వ జైళ్లలో ఉన్నవాళ్ల) విషయంలో 2018 దాకా జైళ్ల శాఖ కదిలితేనే అర్జీ కోర్టుకు వెళ్లేది. ఆ ఏడాది చట్టం మార్చి, ముందు శాఖను అడిగాక ఖైదీ తానే కోర్టుకు వెళ్లేలా చేశారు.

అందుకే నా అభిప్రాయం దాచను. లేచి నిలబడలేని మనిషిని ఇంటికి పంపాలనే అంటాను. కానీ అది మీ క్షమాపణ కాదు. మిమ్మల్ని క్షమించమని అడిగే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. అతన్ని పంపినా మీరు జీవితాంతం క్షమించకుండా ఉండొచ్చు. 1969లో హత్యకు గురైన నటి షరాన్ టేట్ చెల్లెలు డెబ్రా, హంతకుల్లో ఒకరైన సుసాన్ అట్కిన్స్ విడుదలను వ్యతిరేకించారు. అట్కిన్స్‌కు మెదడులో క్యాన్సర్, ఒక కాలు తీసేశారు. అయినా 2008లో విడుదల నిరాకరించారు, మరుసటేడు ఖైదీగానే పోయింది. నేనైతే పంపేదాన్ని. డెబ్రాను మాత్రం ఒక్కమాట అనలేను.

‘ఒప్పుకోను’ అని రాయాలనిపిస్తే అలాగే రాయండి. అయితే ఒకవేళ పంపితే మీకేం కావాలో కూడా అందులో పెట్టండి. ఏ రోజు వదులుతారో ముందే మీకు చెప్పాలి. మీ వీధి ఛాయల్లోకి రాకూడదు. దండలూ ఊరేగింపులూ ఉండకూడదు. అతన్ని చూసే డాక్టరు అప్పుడప్పుడూ రిపోర్టు పంపాలి. ఇవి అడగడం కక్ష కాదు.

ఇంకొకటి. ఆ ఫైల్లో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి అతని స్కానింగులు, అతని డాక్టర్ల సంతకాలు, అతని ఇంటివాళ్ల అర్జీలు. మీ కాగితం మీద మొదటి వాక్యంలో తమ్ముడి పేరు రాయండి. అతను ఏం చదివాడో, మీ అమ్మగారిని ఏమని పిలిచేవాడో రాయండి. ఆ తర్వాతే మిగతాది.