పబ్లిక్ ల్యాండ్ ఎక్కువుంటే జింకల వేట పాడవుతుందా?

అమెరికాలో ప్రభుత్వ భూముల్లోకి అందరినీ రానిస్తే వేటగాళ్లు పెరిగిపోయి జింకల వేట దెబ్బతింటుందా అని అడిగారు. నేను ముందు టెక్సస్‌లో ఉండేవాణ్ణి, ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. రెండూ చూశాను కాబట్టి నా అభిప్రాయం చెబుతున్నాను: దెబ్బతినదు.

టెక్సస్‌లో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. జింకలకు కొదవ లేదు. కానీ తెలిసినవాళ్లకు ర్యాంచ్ (పెద్ద పశువుల పొలం) లేకపోతే, వేటాడేందుకు ఎవరి భూమినైనా లీజుకు తీసుకోవాల్సిందే. నాకు సీజన్‌కి చెప్పిన రేటు రెండు మూడు నెలల ఇంటి అద్దెంత ఉంది. వేట మొదలుపెట్టాలన్న ఆలోచనే విరమించుకున్నాను.

ఇక్కడ పెన్సిల్వేనియాలో స్థానికులకు వేట లైసెన్స్ 21 డాలర్ల లోపే. దాంతో సుమారు 15 లక్షల ఎకరాల స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో (వన్యప్రాణుల కోసం, వేట కోసం రాష్ట్రం నిర్వహించే భూములు), 22 లక్షల ఎకరాల స్టేట్ ఫారెస్ట్‌లో వేటాడొచ్చు. మనలా బయటి నుంచి వచ్చి, తాతల పొలం లేనివాళ్లకు ఇదొక్కటే దారి. అలాగని భూమి ఉంటే చాలు, వేటగాళ్లు పెరుగుతారనీ కాదు. 1980ల మొదట్లో ఈ రాష్ట్రంలో లైసెన్సులు 13 లక్షల దాకా వెళ్లాయి, ఇప్పుడు 9 లక్షలు కూడా లేవు. పెద్దవాళ్లు మానేస్తున్నారు, వాళ్ల పిల్లలకు ఆసక్తి లేదు. గేమ్ ల్యాండ్స్ నిర్వహణకు డబ్బులో కొంత వేటగాళ్ల లైసెన్సుల నుంచి, 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే ఫెడరల్ పన్ను నుంచి వస్తుంది. అందుకే ఈ తగ్గుదల నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

రద్దీ ఉంటుంది, కాదనను. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం తుపాకీ సీజన్ మొదలైనప్పుడు పార్కింగ్ నిండా పికప్ ట్రక్కులే, ఎటు చూసినా ఆరెంజ్ జాకెట్లే. కానీ ఎక్కువమంది రోడ్డుకి అర మైలు దాటి వెళ్లరు. చీకట్లోనే బయల్దేరి కొండ అవతలికి దిగి కూర్చుంటే, రోడ్డు దగ్గర జనం అలికిడికి బెదిరిన జింకలు ఇటే వస్తాయి. కొట్టిన జింకను అంత దూరం లాక్కురావడం మాత్రం నడుం విరిగే పని.

అసలు చిక్కు పక్కనున్న ప్రైవేటు అడవులతో. అలికిడి పెరగ్గానే జింకలు ఎవరినీ రానివ్వని ఆ స్థలాల్లోకి చేరతాయి. అక్కడ వేట లేక మంద పెరిగి, ఓక్ మొలకలన్నీ మేసేస్తాయి. ఇవతల ఉన్నవాళ్లేమో జింకలే లేవంటారు.

వేటగాళ్లు కోరుకునే పెద్ద కొమ్ముల సంగతికొస్తే, 2002లో ఇక్కడ కొత్త నిబంధన పెట్టారు. రాష్ట్రంలో ఎక్కువ భాగంలో, ఒక వైపు కొమ్ముకి కనీసం మూడు కొనలున్న మగ జింకనే పెద్దలు కొట్టాలి. ఆడ జింకలకు అనుమతులూ ఆ రోజుల్లోనే పెంచారు. అవే పబ్లిక్ ల్యాండ్స్ ఉన్నా, చిన్నవి ఇంకో ఏడాది బతికి పెద్ద కొమ్ములతో కనిపించడం మొదలైంది. అంటే వేట బాగుండడమన్నది జనాన్ని ఆపడంలో లేదు, దేన్ని కొట్టాలన్న నియమంలో ఉంది.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయండి. ఆడ జింక లైసెన్స్ వేసవిలోనే తీసుకోండి, కొన్ని యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విభజించిన ప్రాంతాలు) త్వరగా అయిపోతాయి. మొదటి శనివారం వదిలేసి, రెండో వారంలో ఒక పనిరోజున వెళ్లండి.