లెక్కించారా, అంచనా వేశారా?

సందేహం: "ఇండోనేషియా ప్రభుత్వం మొబైల్ డేటా ప్రకారం విదేశీ పర్యాటకులను లెక్కిస్తోంది" అని మా తెలుగు సంఘం పత్రికకు రాసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది. 'లెక్కిస్తోంది' తప్పు, 'అంచనా వేస్తోంది' అనాలని మిత్రుడొకరు అంటున్నారు. ఏది సరి? 'డేటా' తీసేసి 'దత్తాంశం' అని రాయాలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా)

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. అలాగని 'లెక్కించు' అనే క్రియనే తప్పు పట్టలేం. దేన్ని లెక్కించారన్నది చూడాలి. 'వడ్డీని లెక్కించారు', 'ధరల సూచీని లెక్కించారు' అంటే కూడికలూ భాగహారాలూ చేసి ఒక అంకె తేల్చారని. 'పిల్లల్ని లెక్కించారు' అంటే ఒక్కొక్కరినీ చూసి లెక్కపెట్టారని. మనుషులు కర్మగా వచ్చారంటే ఈ రెండో అర్థమే తడుతుంది. జనాభా లెక్కలకు ఇంటింటికీ వస్తారు కాబట్టి అక్కడ ఆ మాట చక్కగా కుదురుతుంది.

ఫోన్ డేటాతో జరిగే పని వేరు. ఏ ఫోన్ ఎప్పుడు ఏ టవర్ పరిధిలో ఉందో కంపెనీ దగ్గర నమోదవుతుంది, అంతే. ఒకరికి రెండు సిమ్ములుంటాయి, చంటిపిల్లలకు ఫోనే ఉండదు, ఒక కంపెనీ కస్టమర్లు జనమంతటికీ నమూనా కారు. ఇవన్నీ సర్దాకే మనుషుల సంఖ్య వస్తుంది. సరిహద్దులో మరో చిక్కు ఉంది, అది మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. పర్లాకిమిడిలోని ఫోన్ అవతల పాతపట్నం టవర్ సిగ్నల్ అందుకుంటే, మనిషి గడప దాటకపోయినా ఆంధ్రా వెళ్లొచ్చినట్టు రికార్డులో పడుతుంది. ఇండోనేషియా 2016 నుంచి ఈ పద్ధతిని వాడుతున్నది కూడా సరిహద్దు ప్రాంతాల్లోనే. అలాంటి ఉత్తుత్తి ప్రయాణాలను ఏరి పారేయాల్సిన చోట 'లెక్కించారు' అనేస్తే పాఠకుడికి లేని ధీమా ఇచ్చినట్టే.

మీరిద్దరూ అడగని మాట ఒకటుంది: 'ప్రకారం'. 'నివేదిక ప్రకారం' అంటే ఆ సంగతి నివేదికలోనే ఉందని. ఫోన్ కంపెనీ రికార్డులో 'పర్యాటకుడు' అనే గడి ఉండదు. టవర్, సమయం లాంటి వివరాల నుంచి పర్యాటకుణ్ణి తేల్చేదీ, ఆ అంకెకు పూచీ పడేదీ గణాంక సంస్థ. కాబట్టి 'ఆధారంగా' అనాలి. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్రైవేటు సంస్థల దగ్గరున్న డేటాను గణాంక సంస్థలు కోరేందుకు వీలుగా యూరోపియన్ యూనియన్ 2024లో తన నిబంధనలు సవరించింది. ఇలాంటి వార్తలు ఇక తరచుగా రాయాల్సి వస్తుంది. 'ప్రకారం' అని రాస్తే ఆ అంకె కంపెనీ మాటగా చలామణి అవుతుంది. తేడా వస్తే ఎవరిని నిలదీయాలో పాఠకుడికి తెలియదు.

ఇక 'దత్తాంశం' లెక్కల పాఠ్యపుస్తకాల్లో ఉంది, అక్కడ ఉండనివ్వండి. పత్రికకు 'డేటా' చాలు. 'డేటా అయిపోయింది' అని అందరూ ఏకవచనంలోనే అంటున్నారు, 'డేటాలు' అక్కర్లేదు. రాతలోకి వాడుక మాట రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ ఊళ్లో ఉంటూనే కదా!

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: "మొబైల్ కంపెనీల డేటా ఆధారంగా ఇండోనేషియా గణాంక సంస్థ సరిహద్దు ప్రాంతాలకు వచ్చే విదేశీ పర్యాటకుల సంఖ్యను అంచనా వేస్తోంది." ఇందులో 'సంఖ్యను' అన్న మాట మాత్రం వదలకండి. 'పర్యాటకులను అంచనా వేస్తోంది' అంటే వాళ్లు ఎలాంటివాళ్లో చూస్తోందనే అర్థం వస్తుంది.