గోడ ఆరిందో లేదో ముందు చూడండి
ఇల్లు – మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మేడ మీదికెక్కితే సముద్రం కనబడుతుంది. వేసవిలో బయటి గోడలకు రంగులు వేయిద్దామంటే ఫోన్లో తేమ 75, 80 శాతం చూపిస్తోంది. పెయింటరేమో "ఇక్కడ ఎప్పుడూ ఇంతేనండీ, వేసేద్దాం" అంటున్నాడు. ఎంత తేమ దాకా ఫర్వాలేదు?

జవాబు: మీ పెయింటర్ మాటలో సగం నిజం ఉంది. తేమ 50 శాతానికి దిగే రోజు కోసం చూస్తూ కూర్చుంటే మీ ఊళ్ళో ఏ ఇంటికీ రంగు పడదు. నీళ్ళు కలిపి వేసే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌కు గాలిలో తేమ 85 శాతం దాటకూడదన్నది మామూలుగా పాటించే హద్దు. 80లో వేయవచ్చు, కాకపోతే పని తీరు మార్చుకోవాలి.

ఎమల్షన్ అంటే నీళ్ళలో తేలే సన్నటి రెసిన్ రేణువులు. నీరు ఆవిరయ్యే కొద్దీ అవి దగ్గరికి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. గాలి అప్పటికే నీటితో నిండి ఉంటే ఈ పని నత్తనడకన సాగుతుంది. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది, కింద మాత్రం పచ్చిగానే ఉంటుంది. దాని మీద రెండో కోటు పడితే లోపల చిక్కుకున్న నీరు ఎండ తగలగానే బొబ్బలై లేస్తుంది. డబ్బా మీద "అరగంటలో ఆరుతుంది, నాలుగు గంటల తర్వాత రెండో కోటు" అని రాసి ఉండేది సుమారు 27 డిగ్రీల వేడి, 65 శాతం తేమ దగ్గర చూసిన లెక్క. మీ దగ్గర రోజుకు ఒక్క కోటే వేయమనండి. కూలి ఒక రోజు పెరుగుతుంది, పెరగనివ్వండి.

అసలు చూడాల్సింది మంచు పట్టే ఉష్ణోగ్రత. ఎంత చల్లబడితే గాలిలోని తేమ గోడ మీద నీరుగా మారుతుందో ఆ అంకె. లెక్క తేలికే: 100లోంచి తేమ శాతం తీసేసి 5తో భాగించండి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. 20ని 5తో భాగిస్తే 4, అంటే 24 డిగ్రీలు. గోడ ఆ అంకె కన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా, అంటే 27 దగ్గర ఉండాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌లో సర్ఫేస్ మోడ్ ఉంటే గోడ వేడి దానితోనే చూసుకోవచ్చు. పొద్దున్నే ఏడు గంటలకు పడమటి గోడ రాత్రి చల్లదనంలోనే ఉంటుంది. అందుకే కంటికి పొడిగా కనిపించినా తొమ్మిదింటి లోపు బ్రష్ పెట్టనివ్వకండి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పడమటి గోడ, ఎండ మళ్ళాక తూర్పు గోడ. మూడున్నరకు పని ఆపేయాలి. నేరుగా ఎండ కొడుతున్న గోడ మీద కూడా వద్దు. అక్కడ రంగు బ్రష్ వెంటే ఆరిపోయి అతుకుల గీతలు పడతాయి.

సముద్రం దగ్గర ఇంకో చిక్కు ఉప్పు. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం ఇంట్లో అందరూ చూసేదే. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని కరుగుతుంది. గోడ మీద పేరుకున్న సముద్రపు ఉప్పు చేసేదీ అదే, రంగు కింద ఎప్పుడూ చెమ్మ నిలుపుతుంది. ప్రైమర్‌కు ముందు గోడలన్నీ మంచినీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి కడిగించండి. బోరు నీరు ఉప్పగా ఉంటే అది పనికిరాదు. కడిగాక రెండు రోజుల ఎండ తగలాలి.

ప్రశ్న: మా కొత్త ఇల్లు హైదరాబాద్ శివార్లలో. బయట ప్లాస్టరింగ్ అయి పది రోజులైంది. శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం పెట్టారు, ఇంక రెండు వారాలే ఉంది. ఈలోగా బయట రంగులు పూర్తవుతాయా?

జవాబు: పూర్తి చేయిస్తే అవుతాయి, మరుసటి ఏడాదికే రంగు మచ్చలు మచ్చలుగా వెలిసి పొట్టు లేస్తుంది. కొత్త ప్లాస్టర్‌కు 28 రోజులు కనీస గడువు. ముసురు పట్టిన రోజుల్లో ఆరు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. పచ్చి సిమెంటులో నీరే కాదు, గాఢమైన క్షారం కూడా ఉంటుంది. లోపలి నీరు బయటికి వస్తూ ఆ క్షారాన్ని వెంట తెస్తుంది. అది రంగులో పొరను పట్టి ఉంచే బైండర్‌ను తినేస్తుంది, కొన్ని పిగ్మెంట్లను వెలవెలబోయేలా చేస్తుంది.

గడువు తీరాక కూడా ఒక పరీక్ష చేయండి. అడుగున్నర చదరపు పాలిథీన్ షీటు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించండి. కనీసం 16 గంటలు ఉంచి విప్పండి. షీటు లోపలి వైపు నీటి చుక్కలున్నా, గోడ అక్కడ నల్లబడినా ఇంకా ఆగాలి. ఎండ బాగా తగిలే చోట చేస్తే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే. ఉత్తరం గోడ, సజ్జ కింద, బాత్రూం బయటి గోడ, ఈ మూడు చోట్లా చేయండి.

బయట పుట్టీ పెడదామంటే వైట్ సిమెంట్ పుట్టీయే, రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకుండా. లోపలి గోడలకు వాడే అక్రిలిక్ పుట్టీ బయట వాన తగిలితే ఉబ్బి ఊడుతుంది. "పండక్కి బాగుంటుంది, తాత్కాలికంగా సున్నం కొట్టిద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రేపు ఎమల్షన్ వేసే ముందు ఆ సున్నమంతా గీకించే కూలి అదనం. లోపలి పనులు చూసుకుని, బయట గడపకు మామిడాకులు, బంతిపూలు కట్టి ముహూర్తం కానిచ్చేయండి. సిమెంటు గోడ చూసి ఎవరూ భోజనం చేయకుండా వెళ్ళిపోరు. బయటి రంగులు దసరా దాటాక, వానలు తెరిపిచ్చాక.

ప్రశ్న: భీమవరం. ముందు గోడకు ముదురు మెరూన్ రంగు సాయంత్రం ఆరింటి దాకా వేశారు. తెల్లారి చూస్తే కన్నీళ్ళు కారినట్టు గోధుమరంగు చారలు, ముట్టుకుంటే జిగట. కల్తీ రంగు ఇచ్చారా?

జవాబు: కల్తీ అని అప్పుడే అనుకోకండి. రంగులో రేణువులు విడివిడిగా ఉండటానికి సబ్బు జాతి పదార్థాలు కలుపుతారు. ముదురు రంగుల్లో స్టెయినర్ (రంగు ముదరడానికి కలిపే చిక్కటి ద్రవం) ఎక్కువ పడుతుంది కాబట్టి ఇవీ ఎక్కువే. పొర గట్టిపడకముందే రాత్రి మంచు పడితే అవి నీళ్ళలో కరిగి పైకి తేలి కిందికి కారతాయి. అవే మీ చారలు.

రెండు మూడు రోజులు ఆరనిచ్చి మంచినీళ్ళు, మెత్తటి స్పాంజితో తుడిపించండి. సబ్బు వద్దు, రుద్దడం వద్దు. మొండిచారలు రెండు మూడు సార్లు కడిగితే పోతాయి, వాన తగిలే గోడైతే వానే కడిగేస్తుంది. కడగకుండా వాటి మీదే ఇంకో కోటు వేయిస్తే మాత్రం చారలు మళ్ళీ పైకి తేలతాయి.

ప్రశ్న: రంగు వేసిన గంటకే జల్లు పడింది. మళ్ళీ వేయించాలా? (కరీంనగర్)

జవాబు: ఆరాక చూడండి. చినుకు గుంటలు, కారిన జాడలు ఉన్నచోట 180 నంబరు ఎమరీ పేపర్‌తో నునుపు చేసి ఒక కోటు వేస్తే చాలు. తడి గుడ్డతో రుద్దితే రంగు చేతికి వచ్చేస్తుంటే ఆ భాగం గీకి మొదటి నుంచి వేయాలి.

ప్రశ్న: నెల్లూరు. ప్రతి ఏడాదీ ఖరీదైన రంగే వేయిస్తున్నాం. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులూడి, తెల్లటి పొడి రాలుతోంది. మా ఊరి గాలిలో తేమ వల్లనేనా?

జవాబు: గాలి తేమను నిందించి లాభం లేదు. అదే అయితే గోడంతా ఊడాలి, మూడడుగుల దగ్గర గీత గీసినట్టు ఆగదు. ఇది పునాది నుంచి గోడ పీల్చుకుంటున్న చెమ్మ. మీకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, నేల నానిపోయి ఉంటుంది. నీరు గోడలోకి ఎక్కి, పైన ఆవిరయ్యేచోట తనతో తెచ్చిన ఉప్పును వదిలేస్తుంది. ఆ ఉప్పు స్ఫటికాలు పెరుగుతూ రంగును, దాంతో పాటు ప్లాస్టర్‌ను నెట్టేస్తాయి. ఖరీదైన రంగు వేస్తే పొర ఇంకా బిగువుగా ఉంటుంది, నీటికి దారి ఉండదు, అందుకే ఇంకా పెద్ద పెచ్చులు.

ముందు ఇంటి చుట్టూ చూడండి. ఏళ్ళ తరబడి మట్టి పోసి, టైల్స్ పరిచి బయటి నేలను గోడ అడుగున ఉండే డీపీసీ (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా అడ్డుపడే పొర) కన్నా ఎత్తు చేసి ఉంటారు. చాలా ఇళ్ళలో దొరికే కారణం ఇదే. గోడ వెంబడి కనీసం అరడుగు దిగువకు మట్టి తీయించి, నీరు బయటికి పారేలా వాలు ఇప్పించండి. గోడకు ఆనించిన పూలమడి ఉంటే తీసేయాలి. చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టర్ చెక్కించి, తెల్ల పొడిని పొడి బ్రష్‌తో దులపండి. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. గోడను వేసవి అంతా అలా వదిలేసి, తర్వాత ఉప్పు లేని ఇసుక, మంచినీళ్ళతో ప్లాస్టర్ చేయించండి.

ఆ నాలుగడుగుల మేరకు ఎమల్షన్ బదులు సిమెంట్ పెయింట్ వేయమంటాం. పాతకాలపు సరుకని ఇప్పుడు చిన్నచూపు చూస్తున్నారు గానీ, దాని పొరలోంచి ఆవిరి బయటికి పోతుంది. పైగా దానికి తేమంటే భయం లేదు, తేమే కావాలి. రెండు పాళ్ళ పొడికి ఒక పాలు నీరు పోసి ముద్ద చేసి, తర్వాత ఇంకో పాలు నీరు కలుపుతారు. గంట, గంటన్నరలో వాడేసేంతే కలపాలి. గోడను తడిపి, నీరు కారడం ఆగాక వేయాలి. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు పూటపూటా నీళ్ళు చల్లాలి. ఈ చల్లడం ఎగ్గొడితే చేతికి పొడి అంటుతుంది, ఆ తప్పు రంగు మీదికి తోస్తారు.

ప్రశ్న: శ్రీకాకుళం. ఇనుప గేటుకు సాయంత్రం ఎనామిల్ వేయించాం. పొద్దునకు మెరుపు పోయి పాలిపోయినట్టయింది. ఏం చేయాలి?

జవాబు: గోడ కన్నా ఇనుము రాత్రి త్వరగా చల్లబడుతుంది, మంచు ముందు దాని మీదే పడుతుంది. ఎనామిల్ గట్టిపడటానికి రాత్రంతా పడుతుంది కాబట్టి ఆ తడి పచ్చి రంగు మీదే కూర్చుంది. మూడు రోజులు ఆరాక 320 నంబరు పేపర్‌తో తేలిగ్గా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పొద్దున పది గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం పన్నెండుకల్లా ఒక కోటు పూర్తి చేయించండి. త్వరగా ఆరాలని కిరోసిన్ కలపనివ్వకండి, ఉన్న మెరుపూ పోతుంది. తుప్పు గీకి ఇనుము తేలిన చోట అదే రోజు ప్రైమర్ పడాలి. మీ గాలికి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తిరిగి వస్తుంది. గేటు కింది అంచుకు, కడ్డీలు వెల్డింగ్ చేసిన మూలలకు ప్రైమర్ రెండు కోట్లు వేయించండి. తుప్పు మొదలయ్యేది అక్కడే, పెయింటర్ బ్రష్ వంచడానికి బద్ధకించేదీ అక్కడే.